తొమ్మిది మైక్రోవోల్టుల రొద

ల్యాబ్‌లో మీటర్లు సరిచూసే ఇంజనీర్‌ని లిఫ్ట్‌లోనే పొడిచి చంపారు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, ఆ ఉద్యోగంలో కొత్తగా చేరినవాడిలా, ఏజెంట్ అదే లిఫ్ట్ ఎక్కాడు. మూల ఇంకా ఎర్రగానే ఉంది.

“పదింటికి మిసైల్ ఇంజన్ టెస్ట్. ఆపడానికి వీల్లేదు,” అని చెప్పి పంపాడు చీఫ్. “రీడింగులు ఎవరో శత్రువుకి పంపబోతున్నారు. అక్కడ కొలతలు చూసే సైంటిస్ట్, డాక్టర్, మన మనిషే. వాళ్ల ముఠాలో ఉంటూ మనకి కబుర్లు మోస్తోంది.”

“ఫ్యూజు మాడిందా?” ల్యాబ్‌లో డాక్టర్‌ని అడిగాడు ఏజెంట్.

“వాసనే వచ్చింది,” అంది డాక్టర్. ముత్యాల దుద్దులు, కత్తిలాంటి నవ్వు. కోడ్‌వర్డ్ సరిపోయింది.

అతను టెస్ట్ రీడింగులు కాగితం మీద గీసే రికార్డర్ ఇన్‌పుట్ తీగలు రెండూ కలిపేశాడు. అప్పుడు బయటి సిగ్నల్ రాదు, మిషన్ సొంత రొద ఒక్కటే మిగులుతుంది. రెండు మైక్రోవోల్టులుండాలి. మీటర్ తొమ్మిది చూపించింది. ట్యూబ్‌లైట్లు ఆర్పాడు. ఏసీ ఆపాడు. తొమ్మిదే. అంటే రీడింగులు బయటికి పంపే ట్రాన్స్‌మిటర్ మిషన్ లోపలే ఉంది.

నిన్నటి షీట్ తిరగేశాడు. ‘రెండు’ అని ఉంది. కింద డాక్టర్ సంతకం.

తొమ్మిదీ యాభై ఏడు. పిస్టల్ తీశాడు.

“ఇందులో గీతకొకటి చొప్పున పన్నెండు ఆంప్లిఫయర్లున్నాయి. దేంట్లో పెట్టావు?”

“కాల్చుకో. మా పాప వాళ్ల దగ్గరుంది. ఏడేళ్లది. రీడింగులు అందకపోతే చంపేస్తారు.”

అతను పిస్టల్ దించాడు. “ఫోన్ చేయిస్తున్నారా?”

“రోజూ. నన్ను మాట్లాడనివ్వరు. ‘అమ్మా, ఎప్పుడొస్తావు’ అంటుంది, అంతే.”

“వెనకాల సన్నగా రొద వస్తోందా?”

ఆమె తలూపింది.

“అది టేప్ రొద. నీ ఫోన్ మేమూ వింటున్నాం. పాప చనిపోయి నాలుగు రోజులైంది. రొద కొలవడంలో నిన్ను మించినవాళ్లు లేరంటారే, ఆ మాత్రం పోల్చుకోలేకపోయావా?”

ఆమె గోడకి జారగిలబడి, నేలమీద కూలబడింది.

“ఐదోది,” అంది.

అతను ఐదో ఆంప్లిఫయర్ పెరికేశాడు. రెండు సెకన్ల తర్వాత అవతల ఇంజన్ గర్జించింది. మిగతా పదకొండు గీతలూ కాగితం మీద శుభ్రంగా లేచాయి.

పావుగంటకి, రిపోర్టు అందుకున్న చీఫ్ ఫోన్. “శభాష్! ఆ టేప్ నాకు పంపించు.”

“టేపెక్కడిది సార్? రొద లేని ఫోన్ ఎక్కడైనా ఉందా?”

“అయితే పాప బతికే ఉందన్నమాట.”

ఏజెంట్ గడియారం చూసుకున్నాడు.

“పదింటిదాకా ఉంది సార్.”