అరవయ్యో నెల

చినామి మొహం ఎలా ఉంటుందో తెలియకముందే ఆమె చేతిలో పదకొండుసార్లు చీవాట్లు తిన్నాను.

మా పత్రిక చివర పాఠకుల కార్డు ఒకటి కుట్టి ఉంటుంది. నచ్చిన పేజీ ఏది, నచ్చనిది ఏది, తప్పులేమైనా కనిపించాయా అని మూడు గళ్ళు. అందరూ మొదటి రెండూ నింపి పోస్టులో పడేస్తారు. ఆ జూన్‌లో వచ్చిన ఒక కార్డులో మాత్రం మూడో గడి ఒక్కటే నిండి ఉంది. చోటు చాలక అక్షరాలు అంచుల మీదికి ఎక్కి, చిరునామా పక్కకి కూడా వచ్చేశాయి.

"నలభై ఒకటో పేజీ రాసిన నెగోరో అనే ఆయన కంప్యూటర్ వెర్షన్‌ని ముట్టుకున్న పాపాన పోలేదు. పదకొండు తప్పులు. కింద వరసగా ఇస్తున్నాను."

ఆ నెగోరోని నేనే. తొంభై ఆరులో నాకు ఇరవై ఆరేళ్ళు. తోక్యోలోని ఈదబాషిలో, మెట్లెక్కితే రొప్పు వచ్చే నాలుగో అంతస్తులో, పాత గేమ్‌ల గురించి రాసే చిన్న పత్రికలో ఉద్యోగం. నేను రాసింది ఎకిమాయె అనే గేమ్ గురించి. స్టేషన్ ముందు ఒక ఖాళీ వీధి ఇస్తారు. కొట్లు పెట్టించాలి, జనాన్ని రప్పించాలి, ఏళ్ళ తరబడి ఆ వీధి వెలవెలబోకుండా చూసుకోవాలి. మొదట కంప్యూటర్‌కి వచ్చింది, తర్వాత టీవీకి తగిలించే కాసెట్‌గా, ఆపైన సీడీగా, చివరికి చేతిలో పట్టుకునే బుల్లి మిషన్‌కి. నేను కాసెట్ ఒక్కటే ఆడాను. నాలుగూ ఒకటేనని రాసిపారేశాను.

మా సంపాదకుడు బంబా గారు ఎండు కటిల్ చేప నములుతూ ఆ కార్డుని ఆఫీసంతా వినేలా చదివారు. అంతటితో ఊరుకున్నారా? ఆ అమ్మాయికే ఫోన్ చేసి, నాలుగు వెర్షన్లనీ పోల్చే ప్రత్యేక పుస్తకం వేస్తున్నాం, వచ్చి పని చేస్తావా అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు జోరువానలో వచ్చింది. చేతిలో పారదర్శకంగా ఉండే చవక గొడుగు, ఇంకో చేత్తో పొట్టకి హత్తుకున్న ప్లాస్టిక్ సంచీ. సంచీ పొడిగా ఉంది, తను నిలువునా తడిసింది. సంచీలో ఫ్లాపీలున్నాయట. ఇసోయె చినామి, ఊరు తోత్తోరి, అసగాయాలో స్టేషనరీ కొట్టులో పని అని చెప్పి వంగి నమస్కారం పెట్టింది. తర్వాత నన్ను చూసి, నలభై ఒకటో పేజీ మీరేనా అని చాలా మర్యాదగా అడిగింది.

నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. "అది ఎప్పుడో రాసింది. తర్వాత కంప్యూటర్ వెర్షన్ కూడా చివరిదాకా ఆడేశాను, మూడుసార్లు" అని కోశాను.

నా జీవితంలో ఇంతకన్నా పెద్ద అబద్ధాలు ఆడాను. ఏ ఒక్కదానికీ ఇంత మూల్యం చెల్లించలేదు.

పని పద్ధతి బంబా గారే పెట్టారు. ఒకే బల్ల మీద రెండు తెరలు, వీపులు ఆనించినట్టు. నాకు కాసెట్, ఆమెకి కంప్యూటర్. మధ్యలో ఒక నోటుపుస్తకం. ఏ నెలలో ఏ ఎత్తు వెయ్యాలో నేను అందులో రాయాలి, ఇద్దరం అచ్చం అదే ఎత్తు వెయ్యాలి. జరిగింది ఎవరి గడిలో వాళ్ళు రాసుకోవాలి. ఒకరి తెర ఒకరు చూడకూడదు, చూస్తే మనసు అటు లాగుతుంది, రాత కల్తీ అవుతుంది అనేవారు. ఆటలో పన్నెండు నెలలు గడిచాకే పట్టికలు పక్కపక్కన పెట్టాలి.

అలా తెర కనబడేది కాదు, తెర మీదుగా ఆమె నుదురూ కళ్ళూ కనబడేవి. అది చాలు మనసు అటు లాగడానికి. బంబా గారికి ఆ ఆలోచన రాలేదు.

కొట్ల యజమానులకి పేర్లు మనమే పెట్టుకోవచ్చు. టోఫు కొట్టు అమ్మాయికి నేను చినామి అని పెట్టాను. ఆమె నోటుపుస్తకం లాక్కుని, ఎదురుగా ఉన్న గడియారాల దుకాణం కుర్రాడికి నెగోరో అని రాసింది. రోజూ ఆఫీసుకి ఆలస్యంగా వచ్చేవాడికి అంతకన్నా తగిన కొట్టు ఉందా అని అడిగింది.

మొదటి పట్టిక కలిపిన రోజు ఆమెకి నవ్వు ఆగలేదు. ఆమె వీధిలో మూడు రోజులు వాన పడి టోఫు మిగిలిపోయింది, అమ్మాయి మొహం వేలాడేసింది. నా వీధిలో అంతా ఎండే.

"అదేంటి, మీ ఊళ్ళో వానే పడదా?"

"కాసెట్‌లో చోటు చాలక తీసేశారు."

"పాపం. గొడుగు లేకుండా బతికే మనుషులన్నమాట" అంది.

సీడీ వెర్షన్‌ని ఇద్దరం కలిసి తిట్టుకున్నాం. ఒక్కో కొట్టు తెరుచుకునేలోపు నూడుల్స్ మీద వేణ్ణీళ్ళు పోసుకుని తినేసి కప్పు కూడా పారెయ్యొచ్చు. బుల్లి మిషన్ వెర్షన్ కోసం ఊరంతా వెతుకుతున్నాం. అందులో చేపల కొట్టూ చెప్పుల కొట్టూ ఒకేలా ఉంటాయని చినామి చెప్పి, ఒక ముసలావిడ చెప్పుకి మసాలా పట్టిస్తున్నట్టు నటించి చూపించింది. నేను తాగుతున్న బార్లీ టీ ముక్కులోంచి వచ్చింది.

ముప్ఫై ఆరో నెల పట్టిక కలిపేసరికి మీరు కాస్తా నువ్వు అయింది. స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు నా గొడుగు కావాలనే ఆఫీసులో వదిలేసేవాణ్ణి. రెండోసారికే కనిపెట్టేసింది. ఇంకాస్త పెద్ద గొడుగు కొనుక్కొచ్చింది.

జూలై మధ్యలో ఊరి నుంచి ఆమెకి ఒక కవరు వచ్చింది. అందులో సూటు వేసుకున్న ఒకాయన ఫోటో, బేరిపండ్ల తోటల వాళ్ళ రెండో అబ్బాయి. వాళ్ళమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోందట. నెలాఖరులోపు ఔనో కాదో చెప్పాలి. ఔనంటే తోటలో కోతలయ్యాక పెళ్ళి.

ఈ సంగతి స్టేషన్ కింద నిలబడి తినే సోబా నూడుల్స్ కొట్టులో చెప్పింది. చెప్పి, చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టి, నా వైపు తిరిగింది.

"వెళ్ళనా, ఉండనా? నువ్వు చెప్పు."

ఉండు. రెండక్షరాలు. వాటికోసం నా నోరు పెగల్లేదు. పక్కన ఒకాయన సర్రుమని జుర్రుకుంటున్నాడు, కొట్టాయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు, నేను చవటలా గిన్నెలోకి చూస్తున్నాను. అప్పుడు నాకు ఒక దివ్యమైన ఆలోచన వచ్చింది. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కాసెట్ వెర్షన్‌లో చిన్నప్పుడు ఒకటి చూశాను. యాభై తొమ్మిదో నెలలో గడియారాల దుకాణం మూయిస్తే, అరవయ్యో నెలలో ఆ కుర్రాడికీ టోఫు కొట్టు అమ్మాయికీ పెళ్ళి జరుగుతుంది. వీధంతా లాంతర్లు కడతారు, ఊరేగింపు వెళ్తుంది. కొట్టు మూసేది పెళ్ళికన్నమాట. ఆ కొట్టుకి బేరాలెక్కువ కాబట్టి ఎవరూ మూయరు. అందుకే చాలామందికి ఇది తెలియదు.

"అరవయ్యో నెల దాకా ఆడు. నా జవాబు అక్కడుంది" అన్నాను.

"కంప్యూటర్ వెర్షన్‌లో అరవయ్యో నెల ఏమవుతుందో నీకు తెలుసా?"

"తెలియకేం, మూడుసార్లు ఆడానని చెప్పాగా."

"అయితే సరే" అని చాప్‌స్టిక్స్ తీసుకుంది. ఆ మాట మీద ఆమె మొహం ఎంత తేటపడిందంటే, నేను ఆ పూట రెండో గిన్నె కూడా తిన్నాను.

నోటుపుస్తకంలో యాభై తొమ్మిదో వరసలో రాశాను: గడియారాల దుకాణం మూసెయ్యాలి. ఆ రోజు ఎదురుగా కూర్చునే ధైర్యం లేక, బుల్లి మిషన్ వెర్షన్ నగోయాలో ఏదో పాత కొట్టులో ఉందని వంక పెట్టుకుని పొద్దున్నే రైలెక్కాను. అక్కడి నుంచి ఫోన్ చేద్దామని రెండుసార్లు బూత్ దాకా వెళ్ళి, సిగ్గేసి తిరిగొచ్చాను. ఆమెకిష్టమని ఉయిరో మిఠాయి రెండు పెట్టెలు కొన్నాను.

మర్నాడు జీవితంలో మొదటిసారి ఆఫీసుకి టైముకి వెళ్ళాను. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల తుడిచి ఉంది. పట్టికలో యాభై తొమ్మిది దాకా నింపి, అరవయ్యో గడి అలాగే వదిలేసింది. పైన ఒక చీటీ. "నెగోరో గారికి, ఇన్నాళ్ళూ మీకు చాలా ఇబ్బంది కలిగించాను. మిగతాది మీరు చూసుకోండి."

మళ్ళీ గారు. మళ్ళీ మీరు.

బంబా గారు నాకేసి వింతగా చూస్తూ చెప్పారు. "నిన్న పొద్దున పదింటి నుంచి ఆ తెరకేసే చూస్తూ కూర్చుందయ్యా. చెయ్యి కూడా కదపలేదు, మిషన్ బిగుసుకుపోయిందేమో అనుకున్నా. నాలుగు దాటాక లేచి, ఊరెళ్ళిపోతున్నానని చెప్పింది."

నాకు అర్థమైందనుకున్నాను. పెళ్ళి ఊరేగింపు చూసింది. కాదని ఎలా చెప్పాలా అని సాయంత్రం దాకా ఆలోచించింది. మొహం మీద చెప్పలేక వెళ్ళిపోయింది. ఇంకేం అడగను? నాకూ పౌరుషం ఉంది. ఉయిరో పెట్టెలు ఆఫీసులో పంచిపెట్టేశాను. ఆ వేసవంతా ఆమె యంత్రం మీద గుడ్డ కప్పి, అటువైపు చూడకుండా సీడీ వెర్షన్‌తో కుస్తీ పట్టాను. ఎవరైనా ఆమె పేరెత్తితే మాట మార్చేసేవాణ్ణి.

అక్టోబరు చివర్లో బంబా గారికి ఓపిక నశించింది. కంప్యూటర్ గళ్ళు ఎవరు నింపుతారు, మీ తాతా అని అరిచారు. గుడ్డ తీశాను. ఆమె వదిలివెళ్ళిన ఫ్లాపీ పెట్టి, యాభై తొమ్మిదో నెల నుంచి నా నోటుపుస్తకం ప్రకారం ఆడాను. గడియారాల దుకాణం మూసేశాను.

తెర మీద వాన మొదలైంది.

లాంతర్లు లేవు. టోఫు కొట్టు అమ్మాయి చేతిలో సంచీతో వీధి దాటి గడియారాల దుకాణం ముందుకొచ్చి నిలబడింది. తలుపు మూసి ఉంది. పైన చినామి అని పేరు, మూసిన తలుపు మీద నెగోరో అని పేరు. కింద ఒక వాక్యం వచ్చింది. "అడగడానికి వచ్చాను. తలుపు మూసి ఉంది. అదే జవాబనుకుంటాను." నేను కంగారుగా మీట నొక్కాను. ఆమె స్టేషన్ వైపు వెళ్ళిపోయింది. రైలు కదిలింది. టోఫు కొట్టు పలక తీసేశారు.

తలుపు తెరిచి ఉంటే ఆ అమ్మాయి ఉండిపోయేదేమో, అందుకే ఆ రోజు సోబా కొట్టులో చినామి మొహం తేటపడింది. కాసెట్‌కి మార్చేటప్పుడు, పిల్లలు ఏడుస్తారని కాబోలు, ఈ వీడ్కోలు తీసేసి పెళ్ళి పెట్టారు. అదంతే. వెర్షన్ల మధ్య తేడాలు వెతకడమే నా ఉద్యోగం. నా బతుకు మొత్తం మీద చూసుకోవాల్సిన తేడా ఒక్కటుంది, దాన్ని చూసుకోలేదు. పైగా ఆ తలుపు ఆమె చేతే మూయించాను.

అక్కడే, అందరి ముందే, తోత్తోరికి ఫోన్ చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది. తోక్యోలో మా అమ్మాయిని ఎంతో బాగా చూసుకున్నారటగా అని పదేపదే కృతజ్ఞతలు చెప్పింది. ఈ ఏడాది బేరిపండ్లు బాగా కాశాయంది. పెళ్ళి పోయిన ఆదివారమే అయిపోయిందంది.

"శుభాకాంక్షలు చెప్పండి" అన్నాను. ఇంకేం చెప్పను?

పట్టికలో అరవయ్యో వరస నింపాను. కాసెట్: పెళ్ళి. కంప్యూటర్: అమ్మాయి ఊరు విడిచి వెళ్తుంది. కింద చిన్న అక్షరాల్లో, ఈ తేడా ముందే సరిచూసుకోనందుకు రచయిత క్షమాపణ చెప్పుకుంటున్నాడు అని రాశాను. బంబా గారు అక్కడ పెన్ను ఆపి, ఎవరికయ్యా అన్నారు. పాఠకులకి అన్నాను. ఆయన ఎర్ర పెన్నుతో ఎవరి వాక్యాన్నయినా కొట్టేస్తారు. దాన్ని కొట్టెయ్యలేదు.

పుస్తకం డిసెంబరులో వచ్చింది. జనవరిలో పాఠకుల కార్డుల కట్టలో ఒకదాని మీద నిషియో చినామి అని ఉంది. ఇంటిపేరు కొత్తది. సన్నటి అక్షరాలు పాతవే. ఈసారి కూడా మూడో గడి ఒక్కటే నింపింది, అంచుల దాకా రాలేదు.

"తప్పు ఒక్కటే. అరవయ్యో నెల, కంప్యూటర్ వెర్షన్. అమ్మాయి వెంటనే వెళ్ళిపోతుందన్నట్టు రాశారు. అలా కాదు. ఏ మీటా నొక్కకపోతే ఆ తలుపు ముందే నిలబడి ఉంటుంది. నాలుగింటి దాకా నేను నొక్కలేదు. ఫోన్ వస్తుందేమోనని."

కార్డు చదివిన బంబా గారు తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. వచ్చే సంచికలో సవరణ వెయ్యాలా అని మాత్రం అడిగారు. వెయ్యాలి, కానీ సరిచూడకుండా వేయకూడదు అన్నాను.

ఫ్లాపీ పెట్టాను. వాన మొదలైంది. ఆమె వచ్చి మూసిన తలుపు ముందు నిలబడింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు, అరగంట, గంట. ఆమె కదల్లేదు. చినామి చెప్పింది నిజమే. ఆమె ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

నాలుగింటికి బంబా గారు వచ్చి, సరిచూడటం అయిందా, ఆ పేజీ ప్రెస్సుకి పంపాలి అన్నారు. అయిందన్నాను. మీట నొక్కాను. ఆమె సంచీ చేత్తో పట్టుకుని స్టేషన్ వైపు వెళ్ళిపోయింది.