పన్నెండు నిమిషాల దెయ్యం

మూడు శిలువల మలుపు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. ఆగకూడదని మా ఊళ్లో పిల్లలకి పాలతో పాటే పట్టిస్తారు.

ఇరవై ఏళ్ల కిందట అక్కడ బంగాళాదుంపల లారీ ఒకటి లోయలో పడింది. ముగ్గురు పోయారు. శిలువలు వాళ్లవే. పంతొమ్మిదేళ్లపాటు ఆ ముగ్గురూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఈ ఏడు వానలు వెనకబట్టాక మాత్రం మలుపు నోరు విప్పింది.

పొగమంచులోంచి... ఆడగొంతు... మెల్లగా...

"రా... పోదాం రా... ఇక్కడుండకు..."

పోయిన ముగ్గురూ మగవాళ్లు. పిలిచేది ఆడది. ఈ లెక్క ఎలా కుదిరిందని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. అడిగితే దెయ్యానికి కోపం వస్తుందేమో!

విన్నవాళ్లు ఐదుగురు. మా ఊరు వాయ్రాపంపా ఆరోగ్య కేంద్రంలో నేను కొత్తగా చేరిన నర్సుని. ఇల్లిల్లూ తిరిగి రాసుకోవడం నా పని కాబట్టి, ఐదుగురినీ కూర్చోబెట్టి అడిగాను.

"నా పేరు పెట్టి పిలిచింది," అన్నాడు గొర్రెలు కాసే బెర్నాబే.

"నా పేరే," అంది రొట్టెలమ్మే గ్రెగోరియా.

మూడోవాడూ అంతే. నాలుగోవాడూ అంతే. అది దెయ్యమా, జనాభా లెక్కలు రాసుకునే గుమాస్తానా అనిపించింది.

"ఎంతసేపు విన్నావు బెర్నాబే?"

"సేపా? ఏ మగాడు నిలబడతాడమ్మా అక్కడ!"

ఒక్కడూ నిలబడలేదు. అందరికీ కాళ్లున్నాయి, చెవులు మాత్రం సగమే. నాలుగు సాక్ష్యాలూ కొట్టేశాను.

ఐదోవాడు సెనోబియో. మా అమ్మ వైపు చుట్టం, నాకు బాబాయి వరస. మా ఊరినీ కింది పట్నం సంతనీ కలిపే వ్యాన్ ఆయనదే. పద్దెనిమిదేళ్లుగా ఆ మలుపు మీదుగా తోలిన మనిషి... ఇప్పుడు ఆ వైపు తల కూడా తిప్పడు.

"నా పేరే పిలిచింది వీల్మా," అన్నాడు. "సెనోబియో... అని. రెండుసార్లు."

ఐదోదీ కొట్టేశాను.

*

అది ఎలా జరిగిందో ఆయన చెప్పిందే చెబుతాను.

మొదటిసారి వచ్చినప్పుడు పట్టపగలు. వ్యాన్ నిండా జనం. మలుపు తిరుగుతుండగా ఉన్నట్టుండి గుండె దబదబా కొట్టుకుంది. ఊపిరి అందలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇక చచ్చిపోతున్నానని బండి పక్కకి లాగేశాడు. కాసేపటికి అదే పోయింది. గొంతూ లేదు, పిలుపూ లేదు.

రెండోసారీ అంతే.

మూడోసారి రాత్రి. ఆ మంగళవారం తన వంతు పొలం కాపలా ఇంకొకడికి అప్పగించి, నొప్పులు పడుతున్న మనిషిని పట్నంలో దించి, ఒంటరిగా తిరిగొస్తున్నాడు. మలుపు దగ్గర మళ్లీ గుండె... బండి ఆపాడు. అద్దం దించాడు. గాలి పీలుస్తున్నాడు...

"సెనోబియో... రా..."

ఇంటికి ఎలా చేరాడో ఆయనకే తెలీదు.

పట్నం ఆసుపత్రికి నాలుగుసార్లు మోసుకెళ్లారు. నాలుగుసార్లూ గుండెకి తీగలు పెట్టి కాగితం తీశారు, నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. "నీకేం లేదయ్యా, మగాడివి కాదూ, ధైర్యంగా ఉండు," అని భుజం తట్టి పంపేశారు. భుజం తట్టడం ఏ పుస్తకంలో మందుగా రాశారో నాకు కనబడలేదు.

ఊళ్లో మామా సాతుకా అనే ముసలమ్మ ఉంది. రెండోసారి వచ్చినప్పుడే, కుందేలుపిల్లంత గినీపందిని బతికుండగా ఆయన ఒళ్లంతా రుద్ది, కోసి, పేగులు చూసి, "ఆత్మ మలుపు దగ్గర జారిపోయింది" అని తేల్చింది. గినీపంది చచ్చింది. సెనోబియోకి మాత్రం తగ్గలేదు.

ఇక మా కేంద్రం ఘనత... రెండు విటమిన్ సూదులు. రెండోది పొడిచింది నేనే.

*

డాక్టర్ లెస్కానో కింద సముద్రపు ఒడ్డు మనిషి. గురువారం గురువారం కొండెక్కి వస్తుంది. మలుపు కథ నేను నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఎన్నిసార్లొచ్చింది?"

"ఏడు వారాల్లో తొమ్మిది."

"అన్నీ మలుపు దగ్గరేనా?"

అది నేను అడగలేదు. గొంతు విన్నవాళ్ల లెక్కలో పడి, జబ్బు మనిషి లెక్క వదిలేశాను. ఆ సాయంత్రమే వెళ్లి అడిగి రాసుకొచ్చాను. మలుపు దగ్గర నాలుగు. మంగలి కుర్చీలో ఒకటి. పూజ మధ్యలో చర్చిలో ఒకటి. మధ్యాహ్నం నిద్రలో, సొంత మంచం మీద, మూడు.

మలుపు దెయ్యానికి మంగలి దగ్గరేం పని? జుట్టు కత్తిరించుకోవాలా?

మరుసటి గురువారం డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టింది. థైరాయిడ్, రక్తం పరీక్షలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తాగుడు లేదు.

"రాని రోజుల్లో ఏం చేస్తారు?"

"ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను," అన్నాడు సెనోబియో. "వ్యాన్ బావమరిదికి ఇచ్చేశా, వాడే తోలుతున్నాడు. సంతకి పోను. చర్చికి పోను. ఇంక... వంతు కాపలా రాత్రులు తప్పితే ఇల్లే."

"మీకేం లేదని నేను చెప్పను," అందామె. "ఉంది. దానికి పేరుంది. పానిక్ జబ్బు. ప్రమాదం లేకుండానే ఒళ్లు గంట కొట్టేస్తుంది. ఆ గంటకి భయపడి మీరు పరిగెడతారు. పరిగెత్తిన ప్రతిసారీ అది ఇంకా గట్టిగా కొట్టడం నేర్చుకుంటుంది."

"అయితే... నాకు నిజంగానే ఉందన్నమాట," అన్నాడు సెనోబియో. ఉందని తెలిసి కళ్లు తుడుచుకున్న మనిషిని మొదటిసారి చూశాను.

మాత్ర రాసిచ్చింది. మొదటి వారం సగం, తర్వాత ఒకటి. పని చెయ్యడానికి నెల పైన పడుతుందనీ, మొదట్లో కాస్త గాభరా పెంచినా మానొద్దనీ చెప్పింది. ఆపైన నావైపు తిరిగింది.

"నువ్వు మలుపు దాకా నడిపించు. వారం వారం కొంచెం దగ్గరికి. వచ్చినప్పుడు పారిపోకుండా కూర్చోబెట్టు. గడియారం చూడు."

గడియారం చూడటం నాకు చేతనైన పని. ఐదు వందల అడుగుల దూరంలో మొదలుపెట్టాం, పగటిపూట. నాడి నూట నలభై దాకా ఎక్కింది. ఎనిమిదో నిమిషానికి నిలిచింది. పన్నెండుకి దిగడం మొదలైంది. మూడు వందల అడుగులు... నూరు... ప్రతిసారీ అదే. ఎక్కుతుంది, నిలుస్తుంది, దిగుతుంది. పన్నెండో నిమిషానికి అలసిపోయే దెయ్యం! ఊరంతా ఇరవై ఏళ్లుగా బిడ్డల్ని బెదిరించింది దీని పేరు చెప్పేనా?

"దీనికంటే మా దున్నపోతుకి ఓపికెక్కువ బాబాయ్," అన్నాను.

"నీకేం తల్లీ, నవ్వుతావు," అన్నాడు. "అది నీ పేరు పిలవలేదు."

ఇంటికాడ ఈ సంగతి చెప్పొద్దని నన్ను ఒట్టు వేయించుకున్నాడు. భార్య హిలారియా పిన్నికి తెలిస్తే మామా సాతుకా దగ్గరికి మళ్లీ లాక్కుపోతుందని ఆయన భయం.

ఆరో వారంలో బావమరిది అడిగేశాడు. "ఆదివారం సంతకి నువ్వే తోలతావా, లేక బండి నాకు అమ్మేస్తావా? తేల్చు బావా. నా పొలం ఎండిపోతోంది."

ఆదివారం సంత బండి తెల్లారకముందే కదలాలి. అంటే మలుపు చీకట్లోనే దాటాలి. చీకట్లో మేం ఇంకా ఒక్కసారీ కూర్చోలేదు. వ్యాన్ పోతే సెనోబియోకి ఇల్లు తప్ప ఇంకేమీ మిగలదు.

అప్పటికి శుక్రవారం.

*

పొలం కాపలాకని పిన్నితో చెప్పి వచ్చాడు. వ్యాన్ మలుపు దగ్గర పెద్ద బండరాయి వెనక పెట్టాం. లైట్లు ఆర్పించాను. రేడియో ఆపించాను. ధైర్యం కోసం వాటిని పట్టుకుని వేలాడొద్దని డాక్టరమ్మ మాట.

పొగమంచు దిగింది. ముందు శిలువలు పోయాయి... తర్వాత రోడ్డు... తర్వాత మా బండి ముక్కు.

"వస్తోంది," అన్నాడు సెనోబియో.

మణికట్టు పట్టుకున్నాను. నూట ఇరవై. నూట ముప్పై ఆరు. నాలుగో నిమిషం. ఊపిరి రంపంలా కోస్తోంది.

"తాళం ఇవ్వు వీల్మా... పోదాం..."

"కూర్చో బాబాయ్. ఇదంతా మనకి తెలిసిందే."

ఏడో నిమిషం. నూట నలభై. తొమ్మిది... నిలిచింది. పదకొండు... నూట ఇరవై ఎనిమిది. దిగుతోంది. పన్నెండు అనబోయాను...

"రా..."

గడియారం ఒళ్లో పడింది.

"రా... పోదాం రా... ఇక్కడుండకు..."

గాలి కాదు. నక్క కాదు. మనిషి గొంతు. ఆడగొంతు. ఇరవై అడుగుల దూరం కూడా లేదు.

"సెనోబియో... సెనోబియో..."

నేను కొట్టేసిన ఐదో సాక్ష్యం.

తాళం నా గుప్పిట్లోనే ఉంది. వేళ్లు తిమ్మిరెక్కాయి, అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రెండో చెయ్యి తలుపు పిడి మీద ఉంది. అదెప్పుడు అక్కడికి వెళ్లిందో నాకు గుర్తులేదు.

"బాబాయ్... స్టార్ట్ చెయ్... పోదాం..."

"కూర్చో," అన్నాడాయన గుసగుసగా. "పన్నెండు కానీ."

గొంతు దగ్గరికొచ్చింది. పొగమంచులో నల్లటి ఆకారం... తల నిండా ముసుగు... చేతుల్లో ఏదో గుండ్రంగా, తలకాయలా... దాన్ని లోయ మీదికి చాపి ఊపుతోంది.

"రా... చలిలో ఉండకు... నీ టోపీ తెచ్చాను... ఎండు దుంపల చారు కాచి పొయ్యి మీదే పెట్టాను... అల్లరి చెయ్యకుండా రా..."

సెనోబియో ఊపిరి ఆగింది. మళ్లీ కదిలింది. ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను.

నవ్వుతున్నాడు.

"మా ఇంటి చారు సంగతి దెయ్యానికెలా తెలిసింది?" అన్నాడు. తలుపు తోసి, ఒక కాలు కిందపెట్టి, చీకట్లోకి గట్టిగా పలికాడు.

"వస్తున్నానే, హిలారియా!"

అటువంటి కేక నేను ప్రసవాల గదిలో కూడా వినలేదు. టోపీ ఒకవైపు, శాలువా ఒకవైపు, పిన్ని రోడ్డు మధ్య కూలబడింది. జారిపోయిన ఆత్మని మూడు నెలలుగా పిలుస్తోంది మరి. అది పలుకుతుందని మాత్రం ఆవిడ కూడా అనుకోలేదు.

"నువ్వా... అదా?" అంది పళ్లు టకటక కొట్టుకుంటుంటే.

"ఇద్దరం," అన్నాడు సెనోబియో.

జరిగింది అప్పుడు బయటికొచ్చింది. ఇంటి గుమ్మంలో నిలబడి పిలిస్తే ఆత్మ రాలేదని, జారిన చోటికే వెళ్లి పిలవమంది మామా సాతుకా. మంగళవారాలు, శుక్రవారాలు, ఆయన పొలం కాపలాకి పోయే రాత్రులు. ఆయనకి తెలియకూడదు. దారిలో ఎవరి కంటా పడకూడదు. ఎవరు పలకరించినా పలకకూడదు. ముసుగేసుకుని, పలకరిస్తే పలకని ఆడమనిషిని మలుపులో చూసి బెర్నాబే ఏమనుకుంటాడు?

"ఒక మంగళవారం ఏదో బండి ఆగితే రాయి వెనక నక్కాను," అంది పిన్ని.

"అది నేనే!" అన్నాడు సెనోబియో. "నన్ను బాగుచెయ్యడానికొచ్చి సగం చంపావు కదే!"

"నాకేం తెలుసయ్యా! కాపలాకి పొమ్మంటే బండేసుకుని ఊరేగేవాణ్ని ఏమనాలి?"

ఆత్మను పిలిచే ఊళ్లోనే పుట్టాను. మా అమ్మమ్మ నన్ను గుమ్మంలో ఎన్నిసార్లు పిలిచిందో. ఐదుగురి సాక్ష్యం రాసుకున్నాను, ఆ మాటలు ఎక్కడివో నాకు తట్టలేదు. నలుగురివి అబద్ధాలు, ఒక్కడిది నిజం. ఐదూ కొట్టేసింది నేను.

సెనోబియో నా మణికట్టు పట్టుకున్నాడు. గడియారం తన మోకాలి మీద పెట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

"నూట ముప్పై ఎనిమిది. ఏం కాదు వీల్మా, దానంతట అదే దిగుతుంది," అన్నాడు. ఆ మాట నాదే. నా నోట ఎప్పుడూ అంత మెత్తగా రాలేదు.

పిలుపు సగంలో ఆపకూడదని పిన్ని పట్టుబట్టింది. టోపీ పట్టుకుని, వెనక్కి చూడకుండా, ఇంటిదాకా పిలుస్తూ పోవాలట. "సెనోబియో... రా..." అంటూ ఆవిడ ముందు నడిచింది. "వస్తున్నా... వస్తున్నా..." అంటూ ఆయన వెనక నడిచాడు. ఇద్దరూ పొగమంచులో కలిసిపోయారు. ఆవిణ్ని ఇంట్లో దిగబెట్టి వచ్చేదాకా వ్యాన్ దగ్గర ఉండమని నాతో చెప్పాడు.

ఆదివారం చీకట్లో ఆయనే తోలాడు. మలుపు దగ్గర నుదురు తడిసింది, చెయ్యి మాత్రం వదల్లేదు. మాత్ర ఇంకా వేసుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి మంగలి కుర్చీలో వచ్చింది. గడియారం చూసుకుంటూ కూర్చుని, సగం గెడ్డం పూర్తి చేయించుకుని లేచాడు. ఊరు మాత్రం ఘనతంతా మామా సాతుకాకి కట్టబెట్టింది. ఆవిడ ఇంకో గినీపందిని పెంచుతోంది.

నేను రాయాల్సింది ఒకటే మిగిలింది. శుక్రవారం రాత్రి, మూడు శిలువల మలుపు, లైట్లు లేకుండా, వాళ్లిద్దరూ వెళ్లాక నేను ఒంటరిగా. దెయ్యం లేదని ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలిసినదాన్ని. రిజిస్టర్‌లో పన్నెండు నిమిషాలు అని వేశాను.

నిలబడింది నాలుగే.