మంగళవారం గొంతు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు పుట్టాక. ఒక్కో పేజీకి ఒక్కో పూట పడుతుంది. కథ మాత్రం అంత మెల్లగా నడవదు, భయపడకండి.

మా సముద్రతీరంలోని సెకొండి ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్ అంటే బ్రూ ఒక్కడే. పోలీసు ఉద్యోగం మానేసి, రైల్వే స్టేషన్ ఎదురుగా దర్జీ కొట్టు మీది గదిలో కూర్చునేవాడు. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ‘ఎగ్యా’ అనేవారు. అంటే పెద్దయ్యా అని. ఆయన సహాయకురాలు ఎసికి ఆయన మాట వేదవాక్కు. ఆ చెవికి చిక్కని చప్పుడు ఈ తీరంలోనే లేదని ఆమె నమ్మకం.

ఆ గురువారం పొద్దున్నే ఫిఫి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“నన్ను జైల్లో పెట్టిస్తారట ఎగ్యా!”

“ముందు కూర్చో. ఏం దొంగిలించావు?”

“అయ్యో, నేనెందుకు దొంగిలిస్తాను! నా సొత్తు నేనే అమ్ముకున్నాను. మా మేనమామ కోబినా పాట.”

కోబినా పాట తెలియనివాళ్ళు లేరు. అతను జాలరి. పడవ తెడ్డు గురించి ఒక పాట కట్టుకుని గిటార్ మీద పాడుకునేవాడు. దాన్ని జోజో అనే పాటగాడు తన బ్యాండుతో ఎత్తుకుని తీరమంతా మోగించాడు. అగ్రే బార్లో ప్రతి శనివారం మధ్యాహ్నం మొదట కోబినా పాడిన క్యాసెట్ వేసేవారు. తర్వాత జోజో లేచి అదే పాట పాడేవాడు. మొదటిదానికి జనం నోరు మూసుకుని కూర్చునేవారు, రెండోదానికి కుర్చీలు తోసి ఎగిరేవారు. ఏది గొప్పదని అడిగితే, “ఒకరు కన్నతల్లి, ఒకరు పెంచినతల్లి. ఎవర్ని వదులుకుంటాం?” అనేవారు.

కోబినా పోయిన వానాకాలంలో చనిపోయాడు. మేనమామ ఆస్తి మేనల్లుడికే కదా మా వాళ్ళలో. పెళ్ళాం బిడ్డలు వేరే వంశం వాళ్ళు.

“దినాలయ్యాక పడవ తెచ్చుకున్నాను, వల తెచ్చుకున్నాను, టేప్ రికార్డర్ తెచ్చుకున్నాను,” అని ఫిఫి ఏకరువు పెట్టాడు. “అత్తకి టార్చిలైటు ఒక్కటి వదిలేశాను. పాపం, చీకట్లో ఉంటుందని. ఆఖరికి బార్లో వేసే ఆ క్యాసెట్ కూడా అత్తని అడిగి తీసుకున్నాను. మళ్ళీ ఇంకోటి లేదు దానికి. అక్రా రికార్డు కంపెనీ ఆయనకి ఇస్తే, విని నా మొహాన కొట్టాడు. ‘బార్లో నేను విన్న గొంతు ఇది కాదు. శనివారానికి అసలుది తేకపోతే మోసం కేసు పెడతా’ అన్నాడు.”

“మీ అత్త ఏమంటుంది?”

“అదే క్యాసెట్ అంటుంది. నాకేం తెలుసు ఎగ్యా, నేను బార్‌కి వెళ్ళేది తాగడానికి!”

ఫిఫి వెళ్ళాక బ్రూ ఆ క్యాసెట్ పెట్టాడు. గదిలో కోబినా గొంతే పలికింది, అదే బొంగురు, అదే దగ్గు. రెండో చరణంలో బ్రూ చెయ్యెత్తాడు.

“గిటార్ వెనకాల ఏం వినిపిస్తోంది?”

ఎసి చెవి ఆనించింది. “అలలు. ఆ తర్వాత... దూరంగా ఎవరో వల లాగుతున్నారు. వాళ్ళ కేకలు.”

“ఊఁ” అని ఆయన టోపీ అందుకున్నాడు.

అగ్రే బార్ సముద్రం ఒడ్డునే. అగ్రే గ్లాసులు కడుగుతూ సమాధానం చెప్పాడు.

“ఆ క్యాసెట్ రికార్డు చేసిందే నేను. ఈ గోడ వెనకాల ఇసకలో, ఒక మంగళవారం.”

“వారం కూడా గుర్తుందా?”

“గుర్తెందుకయ్యా? మిగతా రోజుల్లో కోబినా ఒడ్డున ఉంటేగా! మంగళవారం సముద్రానికి విశ్రాంతి. ఒక్క పడవ కదలదు, ఒక్క వల తడవదు. ఆ రోజే అతను గిటార్ ముట్టేది.”

బ్రూ పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. ఆ నవ్వు ఎసికి తెలుసు. ముడి సగం వదులైందన్నమాట.

“కోబినాని అచ్చుగుద్దినట్టు దించేవాడెవడు?”

“జోజో ఒక్కడే. కావాలంటే ఆ దగ్గుతో సహా దించుతాడు.”

జోజో తన ఇంటి అరుగు మీద శనివారానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

“కోబినా గొంతు నీ దగ్గరుందంటున్నారు,” అన్నాడు బ్రూ.

“సగం ఊరి దగ్గరుంది ఎగ్యా. రెండు సీసాలు దిగాక అందరూ కోబినాలే.”

“అతనంటే నీకు కుళ్ళా?”

ఇస్త్రీపెట్టె ఆగింది. “కుళ్ళా? పాట ఎత్తుకుంటానని వెళితే ఆయన ఒకటే అడిగాడు: ‘నన్ను ముందు వినిపించు, తర్వాత నువ్వు పాడుకో’ అని. ఇంకేమీ అడగలేదు. నేను తినే తిండి ఆయనది.”

కోబినా భార్య అబా పెరట్లో చేపలు పొగబెడుతోంది. బ్రూ ఫిఫి తెచ్చిన క్యాసెట్ వినిపించాడు. ఆ గొంతు వింటే ఎసికే కళ్ళు చెమర్చాయి. అబా చేపలు ఒక్కొక్కటీ తిరగేస్తూనే ఉంది, ఒక్కటీ మాడలేదు.

“మీ ఆయనేనా?”

“ఆయనే.”

“మళ్ళీ వినాలనిపించదా?”

“ఎట్లా వింటానయ్యా, మిషను ఫిఫి పట్టుకుపోయాక? ఫోటో అయినా లేదు నాకు. ఆయన మొహం మా పిల్లాడి మొహంలో చూసుకుంటాను. గొంతు మాత్రం ఏ బిడ్డకీ రాలేదు.” ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆగింది.

బయటికొస్తుంటే పెరటి గోడ మీద ఎండకి పెట్టిన బ్యాటరీలు కనిపించాయి ఎసికి. నాలుగు, వరసగా. నీరసించిన బ్యాటరీలు ఎండలో కాస్త ఊపిరి పోసుకుంటాయని అందరూ చేసే పనే. వీధి మలుపులో ఆమె ఆగిపోయింది.

“ఎగ్యా, టార్చికి రెండు చాలు కదా?”

బ్రూ ఆమె భుజం తట్టాడు. “నీకు కళ్ళొచ్చాయి అమ్మాయ్!”

ఎసి పొంగిపోయింది. పది అడుగులు వేశాక ఆ పొంగు చల్లారింది. “తెలిశాక ఏం చేద్దాం?”

“చెప్తాం. అదే కదా మన పని.”

“ఆవిడకి ఫోటో కూడా లేదు ఎగ్యా.”

“నిజం చెప్పడానికి ఫోటోతో పనిలేదు,” అని ఆయన ముందుకి నడిచాడు.

శనివారం మధ్యాహ్నం బ్రూ అందరినీ అగ్రే బార్లో కూర్చోబెట్టాడు. ఫిఫి, జోజో, అబా, అక్రా నుంచి వచ్చిన కంపెనీ ఆయన. వారంవారం వచ్చేవాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

“ఈ పాట వెనకాల వల లాగే కేకలున్నాయి,” అని మొదలెట్టాడు బ్రూ. “అసలు పాట రికార్డయింది మంగళవారం. ఆ రోజు ఈ ఒడ్డున ఎవరూ వల లాగరు. కాబట్టి ఇది అసలుది కాదు, వేరే రోజు వేరేవాళ్ళు పాడింది. పాడగలిగినవాడు జోజో ఒక్కడే. కానీ జోజోకి అసలు క్యాసెట్‌తో పనేముంది? ఆ పాట అతని గొంతులోనే ఉంది. పని ఉన్నది ఇంకొకరికి. పోయిన భర్త గొంతు ఎదురుగా మోగుతుంటే ఆవిడ చేపలు తిరగేస్తూ కూర్చుంది. ఎందుకంటే ఆ గొంతు భర్తది కాదని ఆవిడకి తెలుసు. ఇంట్లో మిషను లేదంది. టార్చికి రెండు బ్యాటరీలు చాలు, గోడ మీద నాలుగు ఎండుతున్నాయి. ఎవరో చిన్న టేప్ రికార్డర్ అరువిచ్చారు. అసలు క్యాసెట్ ఆ ఇంట్లో రోజూ మోగుతోంది.”

జనం చప్పట్లు కొట్టారు. అలవాటుగా ఎసి చేతులు కూడా లేచాయి. అబా మొహం చూసి దించేసుకుంది.

జోజో లేచి నిలబడ్డాడు. “మార్చింది నేనే. ఆవిడకి ఏం తెలీదు. పోలీసుల్ని పిలుచుకోండి.”

“పిలుస్తాను,” అన్నాడు ఫిఫి.

“కూర్చో జోజో,” అంది అబా. “నీకు పిల్లలున్నారు.” నడుం దగ్గర గుడ్డ ముడి విప్పి క్యాసెట్ బల్ల మీద పెట్టింది. “పడవ అడిగావు ఫిఫీ, ఇచ్చాను. వల అడిగావు, ఇచ్చాను. మంచం అడిగితే పిల్లల్ని లేపి ఇచ్చాను. ఇది మాత్రం ఇవ్వలేకపోయాను. జోజో కాళ్ళు పట్టుకుని ఇంకోటి పాడించాను.”

అగ్రే క్యాసెట్ పెట్టాడు. కోబినా పాడాడు. బొంగురు అదే, దగ్గు అదే. వెనకాల అలలు తప్ప ఏమీ లేవు. అబా కళ్ళు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి.

కంపెనీ ఆయన స్పీకరు డబ్బాకి చెవి ఆనించి విని తల అడ్డంగా తిప్పాడు.

“గోలలో తెలియలేదు కానీ, ఇదంతా గాలి హోరు. రికార్డుకి పనికిరాదు. నువ్వే అక్రా వచ్చి పాడెయ్ జోజో. ఇంక కేసూ లేదు, ఏం లేదు.”

జోజో నేల చూపులు చూశాడు.

“పనికిరాదన్నారుగా బాబూ,” అంది అబా ఫిఫితో. “నాకిచ్చెయ్.”

“పనికొచ్చినా రాకపోయినా వంశం సొత్తు అత్తా. రేపు పెద్దలు అడిగితే నేనేం చెప్పను?”

పాట ముగిసింది. ఫిఫి మీట మీద వేలు పెట్టాడు.

“ఆగు, ఇంకా ఉంది!” అంది అబా.

“పాట అయిపోయిందిగా.”

“ఆఖరుదాకా ఉండనివ్వు ఫిఫి,” అన్నాడు బ్రూ.

“మీ పని అయిపోయింది కదా ఎగ్యా,” అన్నాడు ఫిఫి. మీట టక్కుమంది. అతను క్యాసెట్ తీసి చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

బ్రూ టోపీ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఎసి ఆయన కోసం ఆగలేదు. వీధిలోకి పరుగెత్తి, అప్పటికే ఇంటికి బయల్దేరిన అబాని అందుకుంది. చాలా దూరం పక్కన నడిచింది.

“పాట తర్వాత ఏముందమ్మా?” అంది ఆఖరికి.

“ఏముంటుంది తల్లీ. గిటార్ కింద పెట్టి ‘కెంకే ముద్ద ఉడికిందా అబా?’ అన్నాడు. ‘ఉడికింది, రా’ అన్నాను. అంతే.”

— ఎకువా బెంటుమ్, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు షమాలో మా చెల్లెలి కూతురింట్లో ఉంటున్నాను.