చల్లబడ్డ చెలిపూసలు

అరుణపట్నంలో పొద్దున్నుంచి ఒక్కరి చెలిపూసా వెచ్చబడలేదు. కంట్రోల్ రూమ్ తలుపులు జనం బాదుతున్నారు.

అంగారకుడి మీద గాజు కప్పు కింద బతికేవాళ్లకు ఆ పూసే తోడు. చెవి వెనక అతికించుకునే బుల్లి సెన్సర్ అది. ‘అరుగు’ నెట్‌వర్క్‌లో స్నేహితులు కొత్తగా ఏం రాసినా చటుక్కున వెచ్చబడుతుంది.

“ఆ హ్యాకరెవడో తేల్చవమ్మా నీలవేణీ! పూసను కనిపెట్టింది నువ్వేగా!” డైరెక్టర్ పరాంకుశం అరిచాడు.

నీలవేణి మాటిమాటికీ చెవి వెనక తడుముకుంటోంది. మాటామాటా పెరిగి విడిపోయాక ప్రాణస్నేహితురాలు జుబేదా నుంచి కబురే లేదు. ఆమె ఎక్కిన శనిగ్రహ నౌక ఈ సాయంత్రంతో సిగ్నల్ అందని దూరం వెళ్లిపోతుంది.

“మేధా, పోస్టులు ఏమయ్యాయి?” ఆమె యంత్రాన్ని అడిగింది.

“సర్వర్లో భద్రంగా ఉన్నాయండీ. రాసినవాళ్లే ఆపించారు.”

“రాసి ఆపుకోవడమేంటి, తిక్కా?” అన్నాడు పరాంకుశం.

“పోయిన నెల అప్‌డేట్‌లో ‘మొదట వాళ్లే’ అని ఒక మీట వచ్చిందండీ. అది నొక్కితే, అవతలివాళ్ల పోస్టు వచ్చేదాకా మనది వెళ్లదు. అవతలివాళ్లూ అదే నొక్కారు. ఊరంతా రాసేసి, ఊరంతా ఎదురుచూస్తోంది.”

పరాంకుశం గొంతు తగ్గింది. “మా తమ్ముడి మీద నేనూ నొక్కాను.”

“అన్నిటికంటే ముందు ఆగినవి రెండండీ. ఒకటి జుబేదా గారు నీలవేణి గారికి రాసింది. రెండోది...”

“నాది. పంపెయ్” అంది నీలవేణి.

మరుక్షణం చెవి వెనక వెచ్చగా తగిలింది. ఎన్నాళ్లకో! ఆమె కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆ వెచ్చదనంలోనే ఉండిపోయింది. తర్వాత తెర మీద అక్షరాలు చదివింది.

“‘ఉండిపోవే’ అని ఒక్క మాట అను, దిగిపోతా. నౌక తలుపులు ఇంకా వెయ్యలేదు.”

ఆ తలుపులు మూసుకుని వారం దాటింది.

“ఏమైందమ్మా?” పరాంకుశం దగ్గరకొచ్చాడు. బయట కేకలు పెరిగాయి. “జనానికి ఏదో ఒకటి చెప్పాలిగా. ఇంతకీ ఆ దిక్కుమాలిన మీట పూసలో పెట్టిందెవరు?”

నీలవేణి మైకు అందుకుంది. ఆమె మాట ఊరంతా వినబడింది.

“నేనే. నీలవేణిని. జుబేదాయే ముందు పలకరించాలని పెట్టాను.”