అడ్డుగా ఎవరో

మా ల్యాబ్‌కి కిటికీల్లేవు. లేజర్ల కోసం లైట్లు తీసేస్తే పట్టపగలు కూడా కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. ఆ మధ్యాహ్నం లోపల నేనొక్కదాన్నే ఉన్నాను. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఫ్యాన్ల సన్నటి రొద.

మా పని ఇంతే: రెండు లేజర్ల వెలుగుని ఒకే ఫైబర్‌లో కలిపి చిన్న చిప్పు మీద పడేస్తే, రేపటి ఫోన్లకి పనికొచ్చే తరంగం పుడుతుంది. గదికి ఆ చివరి యాంటెన్నా నుంచి ఈ చివరి యాంటెన్నాకి గాల్లో వస్తుంది. మహా వేగం, మహా సుకుమారం. మధ్యలో మనిషి నిలబడితే చాలు, ఆగిపోతుంది. స్క్రీన్ మీద గీత కింద పడిపోతుంది.

ఇదంతా అక్క కట్టింది. అక్కంటే నా సీనియర్. జ్వరమొచ్చినా మానేది కాదు. పోయిన నెల ఆ రెండు యాంటెన్నాల మధ్యే కుప్పకూలి ప్రాణం వదిలింది. సంతాపసభలో మా ప్రొఫెసర్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ వారమే మా పరిశోధన పేపర్లోంచి ఆమె పేరు తుడిచేశాడు.

"పోయినవాళ్లకి పేరెందుకమ్మా?" అన్నాడు నాతో.

ఆ మాటే తల్చుకుని పళ్లు నూరుకుంటున్నాను. స్క్రీన్ మీద గీత పడిపోయింది.

కనెక్టర్లు తడిమాను. బిగుతుగానే ఉన్నాయి. టార్చి వేశాను. మధ్యలో ఎవరూ లేరు. గీత లేచింది... మళ్లీ పడింది... ఎవరో నిలబడి నిలబడి అలసిపోయి, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఒరుగుతున్నట్టు.

మధ్యలోని ఖాళీ వైపు తిరిగి అన్నాను.

"అక్కా... కొంచెం జరుగు."

గీత లేచింది. నిలబడిపోయింది.

ఫోన్ చేస్తే ప్రొఫెసర్ విసుక్కుంటూ వచ్చాడు. "రేపు డెమో పెట్టుకుని ఇప్పుడు దెయ్యాలా? చూడు, నేను నిలబడతాను. ఇలాగే పడుతుంది. దీనికింత భయమెందుకు?"

వెళ్లి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

"పడిందా?"

"లేదు సార్."

"సరిగ్గా చూడమ్మా." అటూ ఇటూ జరిగాడు. చేతులు ఊపాడు. "ఇప్పుడు?"

గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అక్కడ మనిషే లేనట్టు.

నా పక్కనున్న యాంటెన్నా ముందు నా చెయ్యి పెట్టాను. పడిపోయింది. తీశాను. లేచింది.

చీకట్లోంచి ఆయన గొంతు సన్నగా, వణుకుతూ వచ్చింది.

"ఇప్పుడైనా... పడిందా అమ్మా?"