పట్టుకున్నాన్రా

ఆయన్ని అందరూ సైలెన్సర్ అంటారు. పొద్దస్తమానం మోత మధ్య బతికే మెకానిక్‌కి ఆ పేరెందుకంటే, మనిషి నోరు విప్పడు. "ఇంజిన్లతో మాట్లాడీ మాట్లాడీ మనుషులకి మిగల్లేదు" అంటాడు పక్క షాపు టైలర్. టైలర్ కుట్టిన చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఆయన మాటలూ అంతే. సైలెన్సర్ భార్య మాత్రం, "మాట్లాడకపోవడం వేరు, దాచుకోవడం వేరు" అంటుంది. ఆవిడని ఎవరూ పట్టించుకోరు. నిజం చెప్పేవాళ్లకి ఆ మాత్రం మర్యాదే దక్కుతుంది.

ఆయన నలుగురికీ వినబడేలా అన్న మాట జీవితంలో ఒక్కటే. అది అన్నయ్య పోయిన రోజు. పాత డీజిల్ కారు కొండ దిగుతూ దిగుతూ గోడకి కొట్టుకుంది. స్టీరింగ్ ఛాతీకి తగిలి అన్నయ్య అక్కడికక్కడే పోయాడు. బ్రేకు ఎందుకు వెయ్యలేదని జనం అడుగుతుంటే సైలెన్సర్ తల వంచుకుని, "కాస్త వేసుకుని ఉంటాడు" అన్నాడు.

అంతే. ఆ మాటకి కాళ్లొచ్చాయి. అన్నయ్య గొంతు నొప్పికి లవంగాలు నమిలేవాడు. మందు వాసన కప్పెట్టడానికే నమిలేవాడని మర్నాటికల్లా తేల్చేశారు. తేల్చినవాళ్లలో సగం మంది ఆయన కారులో ఊరికే తిరిగినవాళ్లే.

ఏడాది తిరిగింది. వాన పడీ పడనట్టున్న ఒక మధ్యాహ్నం వదిన ఆ కారుని తాడు కట్టించి షెడ్డుకి లాక్కొచ్చింది. సొట్టలు అంతకుముందే తీయించి రంగు వేయించింది. అన్నయ్య పోయినప్పట్నుంచీ దాన్ని ఎవరూ నడపలేదు.

"ఏమయ్యా, పిల్లకి కొండ కింద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రోజూ దీన్లోనే వెళ్తానంటోంది. ఆ బూస్టరేదో పెద్దది వెయ్యి. చివరి వారమంతా బ్రేకు రాయిలా ఉందనేవారు మీ అన్నయ్య."

"నాకు చెప్పలేదు వదినా."

చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. "బ్రేకు బానే ఉంది, నీ కాలే అరిగిపోయింది అన్నయ్యా" అని తనే నవ్వాడు.

బూస్టర్ అంటే పెడల్‌కి అవతల ఉండే నల్లటి డబ్బా. మనం కాలితో కొంచెం తొక్కితే అది తన బలం కలిపి గట్టిగా నొక్కుతుంది. అలా నొక్కాలంటే దాని లోపలి గాలిని ఎప్పుడూ లాగేస్తూ ఉండాలి. డీజిల్ బండిలో ఆ పనికి విడిగా ఒక పంపు ఉంటుంది. పంపుకీ డబ్బాకీ మధ్య గొట్టంలో బొటనవేలంత వాల్వు. గాలిని ఒకవైపే పోనిస్తుంది. దాని మీద చిన్న బాణం గుర్తు. బాణం పంపు వైపు చూడాలి. తిరగబడితే డబ్బా పనిచెయ్యదు, పెడల్ రాయైపోతుంది.

సైలెన్సర్ గొట్టం ఊడదీసి చూశాడు. బాణం డబ్బా వైపు చూస్తోంది.

ఆ గొట్టం మార్చింది తనే. అన్నయ్య పోవడానికి వారం ముందు. ఇరవై ఏళ్ల పనితనం వచ్చాక చేతులు బాణాలు చూడ్డం మానేస్తాయి.

"అదేంటయ్యా?" అంది వదిన.

"ఏం లేదు వదినా. పాత ముక్క."

షెడ్డు పక్క మురిక్కాలవలో పడేశాడు. బుడుంగుమంది.

పెద్ద వ్యాను బూస్టర్ తెచ్చి బిగించాడు. కొత్త వాల్వు పెట్టి, బాణం పంపు వైపే ఉందని మూడుసార్లు చూశాడు. ఇక బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తీసెయ్యాలి. దానికి ఇద్దరుండాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి, ఒకరు చక్రం దగ్గర పడుకుని నట్టు వదులు చేసి ఆయిల్ వదలాలి. ఒకరికొకరు కనబడరు. అంతా మాట మీదే.

వదిన చెప్పులు విప్పి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆయన వెనక చక్రం దగ్గర దూరాడు.

"తొక్కండి వదినా."

"తొక్కా."

"పట్టుకోండి."

"పట్టుకున్నా."

నట్టు తిప్పాడు. బుడగలతో ఆయిల్ చిమ్మింది. బిగించాడు. "వదలండి."

ఒక చక్రం అయింది. రెండోది అయింది. బయట చినుకులు ఆగాయి. రేకుల మీద చప్పుడు పోయాక షెడ్డు మరీ నిశ్శబ్దమైంది. తడిసిన రబ్బరు వాసన... బ్రేక్ ఆయిల్ వాసన... వాటి అడుగున ఇంకేదో. ఘాటుగా. తీయగా.

లవంగం.

ముక్కు తుడుచుకుని మూడో చక్రం కిందికి దూరాడు.

"తొక్కండి."

"తొక్కా."

గొంతు కాస్త బొంగురుగా ఉంది. వానకి పట్టేసుంటుంది.

"పట్టుకోండి."

"పట్టుకున్నా."

ఆయిల్ బలంగా వచ్చింది. ఆడమనిషి కాలి బలం కాదది. స్పానరు చేతిలోంచి జారబోయింది. పరవాలేదు, పని తొందరగా అవుతోంది. నాలుగో చక్రం.

"తొక్కండి వదినా."

"తొక్కా."

"పట్టుకోండి."

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, చాలా మెల్లగా...

"పట్టుకున్నాన్రా."

స్పానరు ఆగిపోయింది.

రా.

పెళ్లయి వచ్చిన పాతికేళ్లలో వదిన ఆయన్ని ఒక్కసారి కూడా 'రా' అనలేదు. కోపంలోనూ అనలేదు. ఆయన్ని 'రా' అనే మనిషి ఒక్కడే...

పాకుతూ బయటికొచ్చాడు. కారులో ఎవరూ లేరు. వదిన షెడ్డు బయట చూరు కింద స్టూలు మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది.

"ఎప్పుడు దిగారు వదినా?"

"రెండో చక్రం కాగానే. నువ్వే అన్నావుగా, చాలు, కాలు తియ్యి అని." ఆవిడ ఆగింది. "'తియ్యండి' అంటావనుకున్నా. పనిలో ఉన్నావులే అని ఊరుకున్నా. నీ గొంతు కూడా... అన్నదమ్ముల గొంతులు ఒకటేగా."

ఆయన కారులోకి చూశాడు. తొక్కిపట్టిన పెడల్ ఒక్కో అంగుళమే పైకి లేచింది. నింపాదిగా. పని తెలిసినవాడు కాలు తీసినట్టు.

సాయంత్రం అన్న కూతురు వచ్చింది. సైలెన్సర్ ఇంజిన్ వేసి కాలు పెట్టాడు. పెడల్ రాయి. వేలెడు కూడా దిగలేదు. దిగి గొట్టం చూశాడు, వాల్వు చూశాడు, పంపు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"జరుగు బాబాయ్" అని పిల్ల కూర్చుని తొక్కింది. వెన్నలో దిగినట్టు దిగింది. వదిన తొక్కినా అంతే. ఆయన మళ్లీ తొక్కాడు. రాయి.

"నీ కాలే అరిగిపోయినట్టుంది బాబాయ్" అని పిల్ల నవ్వింది.

బ్రేకు పని చేశాక మొదట తను నడిపి చూడందే బండి ఇవ్వనివాడు, ఆ రోజు పక్క సీట్లో కూర్చున్నాడు. పిల్లే నడిపింది. కొండ సగం దిగారు. బ్రేకు చెప్పినమాట వింటోంది. ఆ గోడ ఇంకా ముందుంది.

"బాబాయ్, ఒకటడగనా? నాన్న ఆ రోజు నిజంగా తాగాడా? కొత్త ఉద్యోగంలో కూడా నన్ను తాగుబోతు కూతురిగానే చూస్తున్నారు. నువ్వు చెబితే నమ్ముతాను."

ఒక్క మాట చాలు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"అందరూ అన్నారు కదమ్మా."

కారు ఆగిపోయింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. దిగుడు మధ్యలో, గోడకి ఎదురుగా.

"బాబాయ్..." పిల్ల తన కాళ్లకేసి చూసుకుంది. "నేను తొక్కలేదు."

రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుంది. కారు కదల్లేదు.

ఆయన దిగి కొండెక్కి నడిచి ఇంటికొచ్చాడు. ఆయన దిగిన మరుక్షణం కారు మామూలుగా కదిలిందట. పిల్ల ఇప్పుడు రోజూ దాన్లోనే వెళ్లొస్తోంది. అంత మంచి బ్రేకు ఇంకే బండికీ లేదంటుంది.

సైలెన్సర్ మాత్రం వదిన వీధి మానేశాడు. మోకాళ్ల నొప్పులని జనం, మొహం చాటేస్తున్నాడని భార్య. నెల్లాళ్లకి వదినే కబురు పెట్టింది. ఇంటి ముందు ఆపిన కారుకి వెనక, బ్రేకు తొక్కితే వెలిగే ఎర్ర దీపాలు ఉండుండి వాటంతటవే వెలుగుతున్నాయి, ఎలక్ట్రీషియన్ బ్యాటరీ పీకి పట్టుకుపోయాడు, అయినా వెలుగుతున్నాయి, వచ్చి చూడమని. మరిదిని కాక ఎవర్ని పిలుస్తుంది?

వెళ్లాడు. మలుపు తిరిగేసరికి దీపాలు వెలిగాయి.

"చూశావా? లోపల పెడల్ కూడా అణిగే ఉంది" అంది వదిన.

ఆయన కారు అద్దానికి మొహం ఆనించి పెడల్ చూశాడు. చివరికి "వదినా, ఆ రోజు అన్నయ్య..." అన్నాడు.

దీపాలు ఆరిపోయాయి.

"ఆ రోజు?" అంది ఆవిడ. పాతికేళ్లుగా ఎరిగిన ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

వాల్వు సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఏం లేదు వదినా. వైర్లు చూడాలి."

ఎర్రగా, ఇద్దరి మొహాల మీదా పడేంత ఎర్రగా, దీపాలు మళ్లీ వెలిగాయి. తాళం వేసి ఉన్న కారులో, డ్రైవరు పక్క సీటు తలుపు టక్కుమని తెరుచుకుంది.