పెయ్యదూడ ముంగాళ్ళు

1997 ఆగస్టు పదకొండో తేదీ, సోమవారం, ఉదయం అయిదుంబావు. రాత్రి కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. గాలి లేదు. పశువులపాక చూరు నుంచి మాత్రం నీళ్ళు ఇంకా ధార కడుతున్నాయి. రావులపాలెం దగ్గరి ఒక ఊళ్ళో అరటితోటల రైతు జగన్నాథరావు ఇంట ఆ వేళ గేదె ఈనింది. పుట్టింది పెయ్యదూడ. ఇంటివాళ్ళు అందుకు సంతోషించేలోపే, దాని ముంగాళ్ళు రెండూ మోకాళ్ళ దగ్గర వెనక్కి ముడుచుకుని ఉన్నాయని తెలిసింది. లేవబోయినప్పుడల్లా దూడ ముఖం నేలకు కొట్టుకుంటోంది.

"ఏమే, జున్నుపాలు తీసి ఇరుగుపొరుగుకి పంచెయ్యి," అన్నాడు జగన్నాథరావు భార్య బుల్లెమ్మతో. "నిలబడని దూడకి పాలు పొయ్యడం దండగ. దూడ లేకపోయినా, తవుడు పెడితే గేదె పాలు చేపుతుందిలే. చవితి వెళ్ళాక పశువుల బేరగాడు చిట్టియ్యని రమ్మంటాను, పట్టుకుపోతాడు."

"నేను సాకుతాను," అంది కూతురు నాగదుర్గ.

ఆయన కూతురి వైపు తిరగలేదు. ఇంటర్మీడియట్ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి, ఇక రాయనని ఆమె చెప్పిన నాటి నుంచి ఆయన ఆమెతో నేరుగా మాట్లాడడం మానేశాడు. చెప్పదలచుకున్నది భార్యకు చెప్పేవాడు, అదీ కూతురికి వినబడేటట్టు.

"మీ అమ్మాయికి చెప్పు. కుట్టుమిషను జాకెట్ల దగ్గర ఆగింది. టైపు లోయరు దాకా కూడా వెళ్ళలేదు. లెక్కలు సరేసరి. ఇప్పుడు దూడా? దీన్నే ఆరంభశూరత్వం అంటారు."

"దూడకి టైపు రానక్కర్లేదని నాన్నగారికి చెప్పమ్మా."

"నన్ను టెలిఫోను స్తంభంలా మధ్యన నిలబెట్టి మాట్లాడుకోండి ఇద్దరూ," అంటూ బుల్లెమ్మ పాలగిన్నె తెచ్చి కూతురి చేతికిచ్చింది.

పశువుల డాక్టరుగారు వచ్చి చూసి, కాళ్ళ నరాలు బిగుసుకుపోయాయని చెప్పారు. నూనె రాసి సాగదీసి, దూదీ గుడ్డా మెత్తగా చుట్టి పైన వెదురుబద్దలు కట్టాలి, రోజూ పట్టుకుని నిలబెట్టాలి. "ఓపిక పడితే నిలుస్తుందండి," అని వెళ్ళారు. బుల్లెమ్మ పాత చీర చింపబోతుంటే జగన్నాథరావు వసారాలోంచి ఒక్క మాట అన్నాడు: "తోటనిండా అరటి పెట్టుకుని గుడ్డలెందుకు? అరటిబోదె డొప్ప మెత్తగా ఉంటుంది. నారతో బిగిస్తే కదలదు." పూలమాల దగ్గర నుంచి తోటకూర కట్ట దాకా అరటినారతోనే కట్టే ఇల్లది. ఆ మాటకు ఎవరూ ఎదురుచెప్పలేదు.

నాగదుర్గ వేలు పాలలో ముంచి దూడ నోటికందించేది. పొట్ట కింద గోనెపట్టా వేసి నిలబెట్టేది. అది పడేది, ఆమె లేపేది. వానలున్నంత కాలం డొప్ప తడిగా, మెత్తగానే ఉంది. దూడ గోడకు ఆనుకుని కాసేపు నిలబడడం నేర్చింది. తరువాత వానలు ఆగి ఎండ కాసింది. డొప్ప ఎండి అంచులు గట్టిపడ్డాయి, నార బిగుసుకుపోయింది. దూడ మళ్ళీ లేవడం మానేస్తే, ఎందుకో అర్థంకాక నాగదుర్గ కట్లు విప్పింది. లోపల చర్మం ఒరుసుకుపోయి పచ్చిపుళ్ళు. ఈగలు ముసిరాయి.

ఆమె బద్దలు పెరట్లో పారేసి వంటింటి గడప మీద కూలబడింది. జగన్నాథరావు భోజనం చేస్తున్నాడు.

"నావల్ల కాదమ్మా. చిట్టియ్యని రమ్మనమను."

"నేను ఆ రోజే చెప్పాను," అన్నాడు ఆయన. ఆ గొంతులో కోపం లేదు, తన జోస్యం ఫలించిన తృప్తి ఉంది. బుల్లెమ్మకు ఆ తృప్తే దుర్భరమైంది. గరిటె కింద పెట్టింది.

"డొప్ప పెట్టి నారతో కట్టమన్నది ఎవరండి?"

"ఎవరు?"

"మీరే. నేను చీర చింపుతుంటే వద్దన్నారు."

"ఏదో అన్నాను. చూసుకోవద్దూ?"

"చూసుకోవాలి. పందొమ్మిదేళ్ళ పిల్ల చూసుకోవాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అరటితోటలో ఉన్న మీరు చూసుకోనక్కర్లేదు." ఆమె గొంతు పెరగలేదు. "జాకెట్టు చంక కుదరకపోతే వచ్చిన చుట్టాలందరికీ చూపించి నవ్వించారు. లెక్కలు తప్పితే మాటలే మానేశారు. అది ఏ పని మొదలెట్టినా, మానేసే రోజు కోసం మీరు కాచుకు కూర్చుంటారు. తప్పు చేశాక దిద్దుకునే వ్యవధి ఎప్పుడైనా ఇచ్చారా దానికి?"

బుల్లెమ్మ కూతురి వైపు తిరిగింది.

"నువ్వూ విను. నాన్నగారి నోటికి జడిసి దూడని వదిలేస్తే, దాని ఉసురు ఆయనకి కాదు, నీకు తగులుతుంది."

"నోటికి కాదమ్మా," అంటూ నాగదుర్గ ఏడ్చేసింది. "ఇన్నాళ్ళూ అది నొప్పితో ఉంది. నేను బాగుచేస్తున్నాననుకున్నాను. ఇవాళ దగ్గరకెళ్తే తల పక్కకి తిప్పేసుకుంది."

జగన్నాథరావు భోజనం ముగించకుండానే చెయ్యి కడుక్కుని లేచాడు. గదిలోకి వెళ్ళి ఉతికిన పంచె ఒకటి తెచ్చి, నిలువునా పేలికలుగా చింపాడు. పాకలోకి వెళ్ళి దూడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మాయ్, పసుపూ వేపనూనే పట్రా."

గుమ్మంలో నాగదుర్గ తటపటాయించింది. "నాతోనేనా?"

"నీతోనే." ఆయన తలెత్తలేదు. "తప్పు నాదమ్మా. ఎంత బిగించాలో నువ్వు చెప్పు, నేను కడతాను."

కట్టాడు. ఆమె వేలు దూర్చి చూసి, "బిగువైంది నాన్నగారూ, విప్పండి," అంది. విప్పి కట్టాడు. "ఇప్పుడు వదులైంది."

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

దూడ ఆయన ఒళ్ళంతా ఖరాబు చేసింది. బుల్లెమ్మ గుమ్మంలోంచి చూసి, "ఒక పంచె చింపారు, ఒకటి పాడుచేసుకున్నారు. రేపటికి నా చీర కట్టుకుంటారా?" అంది. నాగదుర్గ ఏడుస్తూనే నవ్వింది.

అప్పటి నుంచి పూటపూటా కట్లు విప్పి, పుళ్ళు తుడిచి, మళ్ళీ కట్టారు. పుళ్ళు మానుపట్టాయి. చవితి వెళ్ళిన మూడోనాడు చిట్టియ్య పలుపుతాడుతో వచ్చేసరికి, దూడ తూలుతూ తనంతట తాను తల్లి దగ్గరికి నడిచి పొదుగు కుమ్ముతోంది.

"దూడని తీసుకెళ్ళమన్నారటండి?"

"పాలు తాగుతోందయ్యా, తాగనీ. నువ్వు కాఫీ తాగి వెళ్ళు," అన్నాడు జగన్నాథరావు. నాగదుర్గ పాక గుంజను పట్టుకుని దూడనే చూస్తోంది. ఆయన ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు.

"పరీక్ష రాయకపోతే మానెయ్యమ్మా. రాస్తే మాత్రం, తప్పినా నేనేమీ అనను."

నాగదుర్గ 1998 మార్చిలోనూ లెక్కలు తప్పింది, సెప్టెంబరులో మళ్ళీ రాసి గట్టెక్కింది. పెయ్య 2001లో తొలి ఈత ఈనింది. దాని కుడి ముంగాలు చివరిదాకా కాస్త వంకరగానే ఉంది.